కర్నూలు పార్కులో ఆదివారం పొద్దున పిట్టలు చూశాం, వచ్చే వారం ఎవరెవరు వస్తారు?

తుంగభద్ర_గట్టు
ఆదివారం, ఉదయం 10:40

నదికి దగ్గర్లో ఉన్న మున్సిపల్ పార్కులో ఈ పొద్దున ఆరింటి నుంచి ఎనిమిదిన్నర దాకా నలుగురం పిట్టలు చూస్తూ గడిపాం. ట్రాక్ చుట్టూ తిరగలేదు. వెనక గేటు దగ్గర పెద్ద రావి చెట్టు, దాన్ని ఆనుకుని కానుగ చెట్లు, ఎదురుగా పైపు కారి ఎప్పుడూ తడిగా ఉండే కాస్త నేల, అక్కడున్న సిమెంటు బెంచీ మీద కూర్చున్నాం, లేవలేదు. ఫాల్గుణం చివర కదా, రావి ఆకంతా రాల్చి రాగిరంగు చిగురు వేసింది, కానుగకు పూత మొదలైంది, పొద్దున పూట గాలి ఇంకా చల్లగానే ఉంది. మరో మూడు వారాలు పోతే ఏడింటికే ఎండ చురుక్కుమంటుంది మన ఊర్లో, అందుకే ఆలస్యం చేయకుండా ఈ పోస్టు.

మొదటి పావుగంట కాకులు, గోరింకలు తప్ప ఏమీ లేవు. తర్వాత ఒక్కొక్కటీ దిగాయి. కంసాలి పిట్ట రావి చిటారు కొమ్మన కూర్చుని టుక్ టుక్ టుక్ అని ఆపకుండా అరుస్తూనే ఉంది. ముక్కు మూసుకునే అరుస్తుంది, ప్రతి అరుపుకీ గొంతు ఉబ్బడం బైనాక్యులర్‌లో స్పష్టంగా కనపడింది, నుదుటి మీద ఎర్ర మచ్చ, పసుపు గొంతు, ఒళ్లంతా ఆకుపచ్చ. ఇంత దగ్గరగా నేను ఎప్పుడూ చూడలేదు. తడి నేల మీదికి పిగిలిపిట్టలు జంటగా వచ్చి నీళ్లు తాగి పోయాయి. కానుగ పూతకి తేనెపిట్ట వచ్చింది, మగది, దూరం నుంచి నల్లగా ఉంటుంది గానీ ఎండ పడగానే నీలం, ఊదా రంగులు మెరుస్తాయి. గోడ అవతలి కరెంటు తీగ మీద పాలపిట్ట, దానికి కాస్త దూరంలో లకుముకి. ఏడున్నరకి ఉన్నట్టుండి పార్కంతా నిశ్శబ్దం అయిపోయింది, ఉడుతలు మాత్రం ఒకటే అరుపు, ఏమిటా అని చూస్తే జాలెడేగ వచ్చి నిద్రగన్నేరు కొమ్మల్లో వాలింది. అది వెళ్లిన తర్వాత ఐదు నిమిషాల దాకా ఒక్క పిట్టా కదల్లేదు.

నేను చెప్పదలుచుకున్నది ఒకటే. నడుస్తూ ఉంటే మనకంటే ముందు అవి జరుగుతూ పోతాయి, మనకు కనిపించేవి వాటి వీపులే. ఒక తావున కదలకుండా కూర్చుంటే వాటి పని అవి చేసుకుంటాయి, ఆ పని చూడటమే అసలు ఆనందం. వచ్చే ఆదివారం మళ్లీ అక్కడే. వచ్చేవాళ్లు చెప్పండి.

ఉగ్గాని_బజ్జీ
ఆదివారం, ఉదయం 11:15

అన్నా నేను వస్తా. కానీ ఆ పార్కులో ఆరున్నర దాటితే వాకింగ్ జనం నిండిపోతారు కదా, కొందరు ఫోన్లో పాటలు గట్టిగా పెట్టుకుని నడుస్తారు, ఆ గోలలో పిట్టలు ఉంటాయా? ఇంకోటి, నా దగ్గర బైనాక్యులర్స్ లేవు. లేకుండా వస్తే ఏమైనా కనిపిస్తాయా లేక ముందు కొనుక్కోవాలా?

తుంగభద్ర_గట్టు
ఆదివారం, మధ్యాహ్నం 12:05

ఊరి పిట్టలకి మనుషుల అలవాటు ఉంటుంది తమ్ముడూ. ట్రాక్ మీద నడిచేవాళ్లని అసలు పట్టించుకోవు, ఎవరైనా ఆగి చెయ్యి చాచి చూపిస్తేనే బెదురుతాయి. మేం కూర్చున్న మూల ట్రాక్‌కి దూరం, అక్కడ అంత గోల లేదు. బైనాక్యులర్స్ మా దగ్గర రెండు ఉన్నాయి, మార్చుకుని చూద్దాం, నువ్వు ఉత్త చేతులతో రా.

కేసీ_కెనాల్
ఆదివారం, మధ్యాహ్నం 1:30

కొనాలనుకునేవాళ్ల కోసం రాస్తున్నా. వాటి మీద 8x42 అని అంకెలు ఉంటాయి. మొదటిది ఎన్ని రెట్లు దగ్గరగా చూపిస్తుందో, రెండోది ముందు అద్దం ఎన్ని మిల్లీమీటర్ల వెడల్పో చెబుతుంది. అద్దం పెద్దదైతే వెలుగు ఎక్కువ వస్తుంది, తెల్లవారుజాము మసక వెలుతురులో అదే కావాలి. షాపులో 20 రెట్లు, 30 రెట్లు అని చెప్పి అంటగడతారు, వాటిని తీసుకోవద్దు, రెట్లు పెరిగేకొద్దీ చెయ్యి వణికినప్పుడల్లా బొమ్మ ఊగిపోతుంది, ఆకుల మధ్య పిట్టను వెతుక్కోవడమే కష్టం అవుతుంది. పిట్టలకి 8 రెట్లు చాలు, 10 దాటనక్కర్లేదు. పిల్లలకైతే 8x32 తేలిగ్గా ఉంటుంది.

ఒకచోట కూర్చుని చూడటం గురించి ఇంకో మాట. ఈబర్డ్‌లో, అంటే చూసిన పిట్టల లెక్కలు నమోదు చేసే వెబ్‌సైట్‌లో, లిస్టు ఎక్కించేటప్పుడు నడుస్తూ చూసింది, ఒకచోట ఉండి చూసింది అని వేరువేరుగా అడుగుతుంది. 30 మీటర్లు కూడా దాటకుండా ఉంటే అది ఒకచోట చూసిన లెక్క కిందికి వస్తుంది. ఎంతసేపు ఉన్నారో నిమిషాలు కూడా వేయండి, అన్న రాసిన పిట్టలన్నీ, కాకులతో సహా, ఎన్నెన్ని అని వేయండి. మన జిల్లా నుంచి అలాంటివి ఎన్ని ఉంటే అంత మంచిది, ఏ పిట్ట ఎప్పుడు వస్తోంది, ఎప్పుడు పోతోంది అనేది రేపు తెలిసేది వాటి నుంచే.

నల్లరేగడి
ఆదివారం, సాయంత్రం 6:50

పార్కు నాకు దూరం, మాది పల్లె. అయినా ఒకటి అడగాలి. మా పొలం గట్టున రెండు మోదుగ చెట్లు ఉన్నాయి, ఇప్పుడు ఆకు లేదు, ఎర్రగా పూసి ఉన్నాయి. పొద్దున పూట వాటి మీద వందల్లో గోరింకల్లాంటి పిట్టలు వాలుతున్నాయి, ఒళ్లు లేత గులాబీ, తల రెక్కలు నలుపు, ఒకటే కిచకిచ. చలికాలంలో జొన్న కంకుల మీద పడి తినేవి కూడా ఇవే. ఇప్పుడు పూలల్లో ముక్కు పెట్టి ఏదో తాగుతున్నాయి, మూతికి పుప్పొడి అంటుకుని పసుపుగా ఉంటోంది. వీటి సంగతి ఎవరికైనా తెలుసా?

బురుజు_వీధి
ఆదివారం, రాత్రి 8:10

అవి గులాబీ గోరింకలు, రోజీ స్టార్లింగ్ అంటారు. ఇక్కడివి కావు. వేసవిలో మధ్య ఆసియా వైపు గూళ్లు పెట్టి, వానాకాలంలోనే మన దేశానికి రావడం మొదలుపెడతాయి, ఏప్రిల్‌లో తిరిగి బయలుదేరతాయి. పోయే ముందు బాగా తిని ఒంట్లో కొవ్వు పెంచుకోవాలి, ఆ ప్రయాణానికి అదే ఇంధనం. మోదుగ, బూరుగ పూలలో తేనె దొరికేది సరిగ్గా ఇప్పుడే. జొన్న తింటాయని రైతులకి కోపం ఉంటుంది, అది న్యాయమే, కానీ మిడతల్ని కూడా ఇవి విపరీతంగా తింటాయి. గూళ్లు పెట్టే దేశాల్లో అయితే మిడతల గుంపులు ఎక్కడుంటే అక్కడికే పోతాయి. మీ మోదుగ చెట్ల మీద అవి ఏ రోజు దాకా కనిపించాయో రాసి పెట్టండి, దయచేసి. పార్కులో కూర్చున్న మాకు దొరకని సమాచారం అది.

నల్లరేగడి
ఆదివారం, రాత్రి 8:45

తప్పకుండా రాస్తాను సార్. గోడ క్యాలెండర్‌లో గుర్తు పెడతా.

కొత్తగా_చేరా
సోమవారం, ఉదయం 7:20

నమస్తే అందరికీ. ఈ థ్రెడ్ చదివి ఈ పొద్దున ఆఫీసుకి వెళ్లే ముందు అదే పార్కుకి వెళ్లాను. ఆ రావి చెట్టులోనే ఒక పిట్ట, కాకి కంటే కొంచెం చిన్నది, తోక పొడుగు, ముదురు గోధుమ రంగు మీద తెల్లటి చుక్కలు, పొట్ట మీద చారలు, కన్ను మాత్రం ఎర్రగా నిప్పులా ఉంది. కిక్ కిక్ కిక్ అని గొంతు చించుకుని అరుస్తూ ఎగిరింది, వెనకే రెండు కాకులు తరిమాయి. డేగ అనుకున్నాను కానీ ముక్కు వంకర లేదు. ఏమిటది?

తుంగభద్ర_గట్టు
సోమవారం, ఉదయం 8:05

ఆడ కోకిల అండీ! కూ కూ అని పాడేది మగది, అది నల్లగా నిగనిగలాడుతుంది. ఆడది మీరు చెప్పినట్టే ఉంటుంది. కాకులు తరిమాయి అంటే దగ్గర్లో వాటి గూడు ఉండొచ్చు. ముక్కు, కన్ను, తోక, అరుపు అన్నీ గమనించారు, ఇంత వివరంగా రాస్తే చెప్పడం ఎంత సులువో చూడండి.

బురుజు_వీధి
సోమవారం, ఉదయం 9:30

ఈ కాలంలో మన పార్కులో చూడాల్సిన అసలు నాటకం అదే. కాకులు పుల్లలు మోస్తున్నాయా చూడండి, గూడు కట్టడం మొదలుపెట్టాయి అంటే కోకిలలూ అక్కడే తచ్చాడతాయి. మగ కోకిల కాకికి ఎదురుగా కనబడి రెచ్చగొడుతుంది, కాకులు దాని వెంట పడతాయి, ఆ సందులో ఆడది గూట్లో గుడ్డు పెట్టి వచ్చేస్తుంది. కోకిల గుడ్డు 12 నుంచి 14 రోజుల్లో పొదుగుతుంది, కాకి గుడ్డుకి 16 నుంచి 20 పడుతుంది, కాబట్టి ముందు నోరు తెరిచేది కోకిల పిల్లే. కొన్ని జాతుల కోకిలల పిల్లలు తోటి గుడ్లను గూట్లోంచి తోసేస్తాయి, మన కోకిల పిల్ల సాధారణంగా అలా చేయదు, కాకి పిల్లలతో కలిసే పెరుగుతుంది. జూన్, జూలైలో అదే చెట్టు కింద నిలబడితే కాకి తన కంటే వేరుగా ఉన్న పిల్లకు మేత పెట్టడం చూడొచ్చు. నేను బడిలో పాఠం చెప్పేటప్పుడు దీన్ని బోర్డు మీద బొమ్మ గీసి చెప్పేవాణ్ణి, చెట్టు కిందికి తీసుకెళ్లి చూపిస్తే పిల్లలకి ఎక్కువ అర్థం అయ్యేది.

లంకమల_మిట్ట
సోమవారం, రాత్రి 9:15

కడప నుంచి. మీ పోస్టులు చదువుతుంటే సంతోషంగా ఉంది, కానీ ఒక విషయంలో నేను ఒప్పుకోను. ఒకచోట కూర్చుంటే అన్నీ వస్తాయి అనేది పార్కు వరకే. మీకు పక్కనే తుంగభద్ర ఉంది, హంద్రీ వచ్చి కలిసే చోటు ఉంది, మార్చిలో నీళ్లు తగ్గి ఇసుక మేటలు బయటపడతాయి. రివర్ టెర్న్‌లు అనే నీటి పిట్టలు ఆ ఇసుక మీదే గుడ్లు పెడతాయి, మార్చి నుంచి మే దాకా వాటి కాలం. నల్లకంకణాలు, ఎర్రకాళ్ల కొంగలు మడుగుల్లో ఉంటాయి. వాటిని చూడాలంటే గట్టు వెంబడి నడవాలి, అవేమీ మీ బెంచీ దగ్గరికి రావు. రోళ్లపాడు మీకు ఒక పొద్దున ప్రయాణం, 1988లో బట్టమేక పిట్ట కోసం పెట్టిన అభయారణ్యం అది, ఇప్పుడు బట్టమేక దాదాపు లేనట్టే అయినా ఆ గడ్డి నేలల్లో చలికాలపు గద్దలు మార్చి దాకా తిరుగుతూ ఉంటాయి. అవి పోకముందే వెళ్లాలి కదా, పార్కు ఎప్పుడైనా ఉంటుంది.

తుంగభద్ర_గట్టు
సోమవారం, రాత్రి 10:00

అన్నా నది గురించి మీరు చెప్పింది నిజం, గట్టు మీద నడవాల్సిందే. అయితే టెర్న్‌లు గుడ్లు పెట్టే ఇసుక మీదికి మాత్రం మనం దిగకూడదు, గట్టు మీద నుంచే చూడాలి. నది దగ్గర కూడా ఒక మంచి చోటు చూసుకుని కూర్చునేవాళ్లకే ఎక్కువ కనిపిస్తాయని నా నమ్మకం. పార్కు ఎప్పుడైనా ఉంటుంది అన్నారు చూడండి, దాంతో నేను ఒప్పుకోను. ఈ మూడు నాలుగు వారాలే ఇలా ఉంటుంది, చిగురు, పూత, గూళ్లు అన్నీ ఒకేసారి. పైగా రోళ్లపాడుకి బండి ఉన్నవాళ్లే వెళ్లగలరు, పార్కుకి ఎవరైనా నడిచి రావచ్చు, ముసలివాళ్లు, పిల్లలు, డ్యూటీకి పోయేవాళ్లు. మన ఊర్లో పిట్టలు చూసేవాళ్లు పెరగాలంటే మొదలు ఇక్కడే.

లంకమల_మిట్ట
మంగళవారం, ఉదయం 6:40

ఆ మాట మాత్రం ఒప్పుకుంటా. మా దగ్గర కలివి కోడి సంగతి తీసుకోండి. 1848లో జెర్డన్ అనే బ్రిటిష్ డాక్టరు కనిపెట్టిన పిట్ట, 1900 తర్వాత ఎవరికీ కనిపించక అంతరించిందనే అనుకున్నారు, 1986లో లంకమల దగ్గర మళ్లీ దొరికింది. అది రాత్రి తిరిగే పిట్ట. పగలు పొదల నేలలో ఎంత తిరిగినా దొరకదు. అక్కడి మనుషులకి ఆ నేలతో రోజూ పని ఉండబట్టే దాని జాడ తెలిసింది. ఒకే నేలను రోజూ చూసేవాడి కన్ను వేరు, మీ బెంచీకి కూడా ఆ గుణం ఉందేమో. ఆదివారం నేను కూడా వస్తా, ముందు రోజు రాత్రి బస్సెక్కుతా.

ఉగ్గాని_బజ్జీ
బుధవారం, ఉదయం 8:50

అర్జెంటుగా ఒక సలహా కావాలి. ఈ పొద్దున పార్కు వెనక వైపు, ట్రాక్ కోసం కంకర పోసి వదిలేసిన చోట, ఒక తీతువు పిట్ట జంట నా తల మీదుగా తిరుగుతూ ఒకటే అరుపు. కింద చూస్తే రాళ్ల మధ్య 4 గుడ్లు, మట్టి రంగు మీద నల్ల మచ్చలు, కాలు పెట్టబోయి ఆగాను. అక్కడ పిల్లలు క్రికెట్ ఆడతారు. గుడ్లని గోడ పక్కకి జరపనా? చుట్టూ ముళ్లకంప పెట్టనా? ఫోటో తీశాను, ఇక్కడ పెట్టనా?

కేసీ_కెనాల్
బుధవారం, ఉదయం 9:05

జరపొద్దు. ఫోటో కూడా పెట్టొద్దు, చోటు తెలిస్తే చూడటానికి జనం వస్తారు. గుడ్లు జరిపితే తల్లి వాటిని వదిలేయొచ్చు. 1972 వన్యప్రాణి రక్షణ చట్టం ప్రకారం గూళ్లు, గుడ్లు కదిలించడం, పాడుచేయడం నేరం కూడా. ముళ్లకంప పెడితే కాకులు, కుక్కలు అక్కడేదో ఉందని పసిగడతాయి. వెంటనే అక్కణ్ణుంచి దూరంగా వచ్చెయ్యి, నువ్వు ఉన్నంతసేపూ అది గుడ్ల మీద కూర్చోదు, ఎండకి గుడ్లు పాడవుతాయి.

బురుజు_వీధి
బుధవారం, ఉదయం 9:40

పై మాటలన్నీ సరైనవి. తీతువు గుడ్లు పొదగడానికి దాదాపు 4 వారాలు పడుతుంది, ఆడదీ మగదీ వంతులు వేసుకుంటాయి. మధ్యాహ్నం మన ఎండకి గుడ్లు ఉడికిపోకుండా నీళ్లలో పొట్ట తడుపుకుని వచ్చి కూర్చుంటాయి, కాబట్టి ఆ పైపు కారే తడి నేల వాటికి ప్రాణం. పిల్లలు పుట్టిన కొద్ది గంటలకే నడుస్తాయి, తర్వాత చోటు మారతాయి. ఈ 4 వారాలు కంకర మీద ఎవరూ పని చేయకుండా, ఆట అక్కడ జరగకుండా చూస్తే చాలు. ఆడే పిల్లలతో మాట్లాడు నాయనా. పెద్దవాళ్లకి చెప్పడం కంటే వాళ్లకి చెప్పడం తేలిక, కాపలా కూడా వాళ్లే కాస్తారు. తీతువు అరిస్తే కీడు అనే భయం కొందరికి ఉంటుంది, అలాంటివాళ్లు రాయి విసరకుండా ఆ పిల్లలే ఆపుతారు.

ఉగ్గాని_బజ్జీ
బుధవారం, రాత్రి 7:30

సాయంత్రం పిల్లలతో మాట్లాడాను సార్. మొదట అందరూ ఒకేసారి చూస్తామన్నారు, దూరం నుంచి చూపించాను, అది కూర్చున్నప్పుడు రాళ్లలో కలిసిపోయి కనిపించకపోవడం చూసి ఆశ్చర్యపోయారు. వికెట్లు రెండో వైపుకి మార్చుకున్నారు.

కొత్తగా_చేరా
గురువారం, రాత్రి 9:00

ఫోన్లో యాప్‌తో పిట్టల అరుపులు పెడితే దగ్గరికి వస్తాయని ఎవరో చెప్పారు. ఆదివారం అలా చేద్దామా? కంసాలి పిట్ట ఫోటో తీయాలని ఉంది.

తుంగభద్ర_గట్టు
గురువారం, రాత్రి 9:35

వద్దండీ. ఇప్పుడు గూళ్ల కాలం. ఆ అరుపు వింటే ఇంకో మగది తన తావులోకి వచ్చిందనుకుని మేత, గూడు వదిలేసి పోట్లాటకు వస్తుంది, టెన్షన్ పడి పొద్దంతా అక్కడే తిరుగుతుంది. విని గుర్తుపట్టడానికి యాప్ వాడండి, మంచిదే, అది చెప్పిన పేరుని కంటితో చూసి నిర్ధారించుకోండి. పెట్టి వినిపించడం మాత్రం ఆదివారం ఎవరూ చేయొద్దని నా కోరిక. ఫోటో కావాలంటే వెనక గేటు దగ్గరి నిద్రగన్నేరుకి ఒక ఎండిన కొమ్మ ఉంది, దాని అడుగు వైపు గుండ్రంగా చిన్న కన్నం, కంసాలి పిట్ట జంట దాన్ని తొలుస్తోంది. దూరంగా కూర్చుంటే అదే వస్తుంది.

కేసీ_కెనాల్
శుక్రవారం, ఉదయం 7:10

ఆ ఎండు కొమ్మ గురించే భయంగా ఉంది. పండగ ముందు పార్కు శుభ్రం చేస్తారు, ఎండు కొమ్మలన్నీ కొట్టేస్తారు, పోయిన ఏడాది అలాగే జరిగింది. కంసాలి పిట్ట పచ్చి కొమ్మ తొలవలేదు, దానికి ఎండి మెత్తబడిన కొమ్మే కావాలి. అది వదిలేసిన కన్నంలో తర్వాత వేరే పిట్టలు కూడా దూరతాయి. ఎవరైనా ముందే మాట్లాడితే బాగుంటుంది.

తుంగభద్ర_గట్టు
శుక్రవారం, సాయంత్రం 6:20

ఇప్పుడే తోట పని చూసే పెద్దాయనతో మాట్లాడి వచ్చాను. కొమ్మ ట్రాక్ మీదికి లేదు కాబట్టి ఎవరి మీదా పడదు, ఉంచడానికి ఆయనకు అభ్యంతరం లేదు, పైవాళ్లు అడిగితే చెప్పడానికి ఒక కాగితం రాసివ్వమన్నారు. పిట్ట గూడు ఉందని, వర్షాలు మొదలయ్యే దాకా కొట్టొద్దని రాసిచ్చాను, పార్కుకి వచ్చే పదిమంది సంతకాలు పెట్టారు. కంకర దగ్గర కూడా రెండు నెలలు పని లేదన్నారు. పైపు బాగుచేస్తే తడి నేల పోతుంది కదా అని అడిగితే, ఒక వెడల్పాటి మట్టి మూకుడు పెట్టి రోజూ నీళ్లు నింపుతానన్నారు. లోతు తక్కువ ఉండాలని, ఏ రోజు నీళ్లు ఆ రోజు మార్చాలని, చెట్టు నీడలో పెట్టాలని చెప్పాను.

అమ్మమ్మ_తోట
శుక్రవారం, రాత్రి 8:00

మా మనవరాలికి ఏడేళ్లు, ఈ థ్రెడ్ నేను పైకి చదువుతుంటే విని ఆదివారం పోదాం పోదాం అని పట్టుబట్టింది. రెండు గంటలు కూర్చోలేదేమో. తీసుకురావచ్చా?

తుంగభద్ర_గట్టు
శుక్రవారం, రాత్రి 8:25

తప్పకుండా తీసుకురండి అమ్మా. కూర్చోలేకపోతే లేచి తిరుగుతుంది, ఏమీ కాదు. ఒక నోటు పుస్తకం, రంగు పెన్సిళ్లు తీసుకురండి, చూసిన పిట్టకి రంగులు వేయమంటే పెద్దవాళ్ల కంటే బాగా గమనిస్తారు. అందరికీ మళ్లీ చెబుతున్నా, ఆదివారం ఆరింటికల్లా వెనక గేటు దగ్గర. ఎరుపు, తెలుపు బట్టలు వద్దు, ఆకు రంగో మట్టి రంగో వేసుకోండి. నీళ్ల సీసా మరవద్దు. ఎనిమిదిన్నరకి లేచి, కడప అన్నని కూడా తీసుకుని ఉగ్గాని తినడానికి పోదాం.

ఉగ్గాని_బజ్జీ
శుక్రవారం, రాత్రి 8:31

బజ్జీ నా లెక్క. లంకమల అన్నా, బస్సు దిగగానే ఇక్కడ రాయండి, బస్టాండ్‌కి బండి తెస్తా.